చెరసాలకు పంపిన కానుక

(తీరప్రాంత సంఘముల కూడికలో చేసిన ప్రసంగపాఠము)



ఈ శతవార్షికోత్సవ సమయమున మన పెద్దలు కట్టిన గుడులను, బడులను జ్ఞాపకము చేసికొనుచున్నాము. అది యుక్తమే. అయితే నేను నేడు గుడికి రాలేని కొందరిని గూర్చి మాట్లాడగోరుచున్నాను. వారు చెరసాలలో నున్నవారు.

పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయము ఒక విధముగా రసీదు. బంధకములలో నున్న ఆయనకు ఆ సంఘము ఎపఫ్రొదితు చేత కానుక పంపినది. ఆ కాలమున ఖైదీ కూడు గుడ్డలకు చాల వరకు అయినవారే దిక్కు. కానుక తెచ్చినవాడు జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లెను.

ఆ సంఘమునకే అంత శ్రద్ధ ఎందుకు కలిగెను? అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము చూడుడి. పౌలు దెబ్బలు తిని, కాళ్లకు బొండ వేయించుకొన్నది ఫిలిప్పీలోనే. ఆ రాత్రియే చెరసాల నాయకుడు ఇంటిల్లిపాదితో బాప్తిస్మము పొందెను. చెర అనగా ఏమో ఎరిగిన కుటుంబము ఆ సంఘములో నుండెను.

ఇక నా తప్పు చెప్పుకొందును. నేను వేదాంత కళాశాల నుండి వచ్చిన క్రొత్తలో, సముద్రపు ఒడ్డున ఒక పాలెములో సేవ చేయుచుంటిని. ఒక యౌవనస్థుడు రిమాండులో నుండెను. ఆరాధన ముగిసిన పిదప అతని తల్లి కొంగున ముడివేసిన నోట్లు తెచ్చి, "అయ్యగారూ, మావాడికి మనియార్డరు రాయండి. పంపినోళ్ల కాడ సంఘం పేరు పెట్టండయ్యా, వాడు సంతోషపడతాడు" అనెను. నేను సందేహించితిని. పెద్దలేమందురో అని ఆమె పేరే వ్రాసితిని.

అతనిపై కేసు కొట్టివేయబడెను. ఇంటికి వచ్చెను గాని గుడికి రాలేదు. నేను వెళ్లి అడిగితిని. "డబ్బు మా అమ్మ పంపింది. సంఘం పంపలేదు గదయ్యా" అనెను. నాకు జవాబు లేకపోయెను.

ఇట్లు పంపిన డబ్బు ఖైదీ చేతికి నగదుగా ఇవ్వరు. అతని పేర లెక్కలో జమచేయుదురు. దానితో సబ్బు, పండ్లపొడి, ఉత్తరములకు కావలసినవి కొనుక్కొనును. మొత్తము చిన్నదే. కాని తన పేరు ఇంకను ఎవరి నోటనో ఉన్నదని అతనికి తెలియును.

జామీను కట్టలేక లోపలనే ఉండిపోవు బీదలును కలరు. 2023లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన పథకములో విచారణ ఖైదీ జామీనుకు 40,000 రూపాయల వరకు, శిక్షపడినవాని జరిమానాకు 25,000 వరకు సహాయము ఏర్పరచిరి. కొన్ని నేరములకు ఇది వర్తించదు. బీదలకు ఉచితముగా వకీలును ఇచ్చు న్యాయసేవాధికార సంస్థ ప్రతి జిల్లాలో నున్నది. ఈ సంగతి ఆ కుటుంబములకు ఎవరు చెప్పవలెను? మనమే.

ఒక జాగ్రత్త. ఫేలిక్సు అధిపతి పౌలు యొద్ద లంచమునకు ఆశించెను. పౌలు ఇయ్యలేదు, రెండేండ్లు చెరలోనే ఉండెను. కనుక మధ్యవర్తుల చేతిలో డబ్బు పోయకుడి. చెముడుగుంట వద్దనున్న నెల్లూరు కేంద్ర కారాగారమైనను, సబ్‌జైలైనను, నియమమేమో అక్కడి అధికారులనే అడిగి పంపుడి.

నేరము చేసినవానికి సహాయమా అని కొందరు అడుగుదురు. తీర్పు న్యాయస్థానము చేయును. చెరలో నున్నవానిని చూచితిరా అని ప్రభువు మనల నడుగును. ఈసారి పంపునపుడు సంఘము పేరు వ్రాయుదము.

ప్రభువు మీకు తోడైయుండును గాక.