మన గుంటడిని వెలేసే హక్కు మనకెక్కడిది?



ఇవాళ్టి మాట కొందరికి మింగుడు పడదు. అయినా చెప్పాలి. మా ఉద్దానంలో ఒక గుంటడున్నాడు. పదిహేడేళ్ళు. పేరు చెప్పను, ఊరు చెప్పను. వాడి మనసు మగపిల్లల మీదకే పోతుంది. హాస్టల్లో సంగతి తెలిసింది. ఆడంగి అని కొట్టారు. బకెట్టు వేరు చేశారు, కంచం వేరు చేశారు. వింటున్నారా, కంచం వేరు! టీకొట్టులో రెండో గ్లాసు చూసిన జనం మనం. ఆ కంచం వేరు చేసింది ఎవరో కాదు, మన పేటల పిల్లలే.

ఇంటికొస్తే తండ్రి గుమ్మం ఎక్కనియ్యలేదు. భూతవైద్యుడికి చూపించమన్నారు కొందరు. పెళ్ళి చేసేస్తే కుదురుకుంటాడన్నారు ఇంకొందరు. ఆ పెళ్ళిలో బలయ్యే ఆడపిల్ల సంగతి ఎవరికీ పట్టలేదు. వాడు పలాస స్టేషన్లో చెన్నై రైలెక్కేద్దామనుకున్నాడు.

ఆపింది నాయనమ్మ. జీడిపిక్కలు కొట్టి చేతులు నల్లబడ్డ మనిషి, సంతకం రాదు. "ఓరి నాయనా, నువ్వేటి తప్పు సేసేవని పారిపోతావురా? ఆడు లేని ఇంట్లో నానూ ఉండను" అని కొడుక్కి వినబడేలా అంది. నెల్లాళ్ళు తండ్రి పలకలేదు. ఆ తర్వాత ఒక పూట తనే కంచం పెట్టాడు. ఇప్పుడు గుంటడు ఇంటర్ చదువుతున్నాడు. పేటంతా ఒప్పేసుకుందని అబద్ధం చెప్పను, వెక్కిరించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇది జబ్బు అనేవాళ్ళకి చెప్తున్నాను: ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. నేరం అనేవాళ్ళకి: 377 సెక్షను 1860లో తెల్లదొరలు పెట్టింది. ఇష్టపడ్డ పెద్దవాళ్ళ మధ్య ఇది నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు జడ్జీలు అయిదుగురూ ఒక్కమాటగా తేల్చారు. ఆ తీర్పుకి ఆధారం రాజ్యాంగ నైతికత. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో బాబాసాహెబు ఎత్తిన మాట అది. పెళ్ళి హక్కు మాత్రం 2023లో అదే కోర్టు ఇవ్వలేదు.

బాబాసాహెబు సంగతి ఇంకొకటుంది. ఆర్.డి. కర్వే అనే ఆయన బొంబాయిలో 'సమాజ్ స్వాస్థ్య' పత్రిక నడిపేవాడు. స్వలింగ సంబంధాల మీద పాఠకులడిగిన ప్రశ్నలకి కూడా జవాబులు వేశాడు. అశ్లీలమని కేసు పెట్టారు. 1934లో హైకోర్టులో ఆయన పక్షాన నిలబడ్డ బారిస్టరు అంబేడ్కరే. జనం ప్రశ్న అడిగితే తెలివిడితో జవాబివ్వాలి గాని నోరు నొక్కకూడదని వాదించాడు. కేసు ఓడిపోయాడు, కర్వేకి జరిమానా పడింది. మహాడ్ చెరువు గురించి ప్రతి సభలో చెప్పుకుంటాం. ఈ కేసు ఎందుకు చెప్పుకోం?

ఇక పని మాట. హాస్టళ్ళు చూసే సంఘం కుర్రాళ్ళు ఎక్కడ వేరు కంచం కనబడినా వార్డెన్ని నిలదీయండి. రాత్రిపూట ఇంట్లోంచి గెంటేసిన పిల్లలు తలదాచుకోడానికి టెక్కలిలో, కాశీబుగ్గలో, తీరం ఊళ్ళలో కలిపి నాలుగిళ్ళు కావాలి. మా ఇల్లు ఒకటి రాసుకోండి. మిగతా మూడు ఎవరివి?