గుండె నొప్పికి నాలుక కింద బిళ్ల
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున ఒక సంఘ లీడరు చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇప్పటిదాకా విన్నాం. నాకిచ్చిన పది నిమిషాల్లో ఒక చిన్న బిళ్ల గురించి చెప్తాను. గుండె నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే బిళ్ల. మందుల షాపులో సార్బిట్రేట్ అని అడుగుతారు. మందు పేరు ఐసోసార్బైడ్ డైనైట్రేట్. మా అత్తగారు నాలుగేళ్లుగా వాడుతున్నారు. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడల్లా డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నవే ఇప్పుడు చెప్తున్నాను.

ముందు నొప్పి సంగతి. గుండె కూడా కండే. అది పని చేయాలంటే దానికీ రక్తం అందాలి. రక్తం తెచ్చే నాళాల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే, ఊరికే కూర్చున్నప్పుడు సరిపోతుంది గానీ బిందె మోసినా, మెట్లెక్కినా, గట్టిగా కోపమొచ్చినా చాలదు. అప్పుడు ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టు, బిగబట్టినట్టు ఉంటుంది. కాసేపు ఆగితే తగ్గుతుంది. దీన్నే యాంజైనా అంటారు. మన ఆడవాళ్లలో కొందరికి ఛాతీ నొప్పి అంతగా తెలియదు. దవడ లాగడం, వీపులో నొప్పి, ఆయాసం, వికారం, చెమటలు, ఇలా వస్తుంది. మనం గ్యాస్ అనుకుని సోడా తాగి, వాము నమిలి, మళ్లీ పొయ్యి దగ్గరకు వెళ్తాం. నడిస్తే వచ్చి, ఆగితే పోయే నొప్పిని గ్యాస్ అని వదిలేయకండి. డాక్టరుకు చూపించండి.

ఇక బిళ్ల చేసే పని. అది రక్తనాళాలను వదులు చేస్తుంది. గుండె మీద బరువు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. లోపల పేరుకున్న కొవ్వును మాత్రం తీయదు. నొప్పి తగ్గిందని జబ్బు పోయినట్టు కాదు.

డాక్టరు ఈ బిళ్ల రాసి ఇచ్చినవాళ్లు ఇలా వాడాలి. నొప్పి రాగానే చేస్తున్న పని ఆపి కూర్చోవాలి. నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరిగి పడిపోతారు. బిళ్ల నాలుక కింద పెట్టి కరగనివ్వాలి. మింగకూడదు. మింగితే పని చేయడానికి ఆలస్యమవుతుంది. నోరు ఎండిపోయి ఉంటే ముందు ఒక్క చుక్క నీళ్లతో తడుపుకోవచ్చు. ఐదు నిమిషాలు చూడండి. నొప్పి తగ్గకపోయినా, పెరిగినా 108కి ఫోన్ చేయండి. మా అత్తగారికి డాక్టరమ్మ చెప్పిన లెక్క ఏమిటంటే, ఫోన్ చేశాక రెండో బిళ్ల, ఇంకో ఐదు నిమిషాలకు మూడోది, అంతే, మూడు దాటకూడదు. మీ లెక్క మీ డాక్టరు దగ్గర రాయించుకోండి. చెమటలు పట్టి మనిషి సోలిపోతుంటే ఐదు నిమిషాలు కూడా చూడొద్దు, బిళ్ల కూడా పెట్టొద్దు, వెంటనే ఫోన్. 108 బండి 2005 నుంచి మనకుంది, పైసా ఖర్చు లేదు. ఆటో కోసం, ఇంటాయన కోసం చూస్తూ కూర్చోవద్దు.

ఇప్పుడు మన సంఘాల్లో జరిగేది చెప్తాను. ఒకామెకు ఛాతీలో నొప్పి అంటే పక్కింటామె ప్రేమగా తన బిళ్ల తెచ్చి పెడుతుంది. ఉప్పు, పప్పు బదులిచ్చినట్టు ఈ బిళ్ల ఇవ్వకూడదు. ఆమెకు అప్పటికే బీపీ తక్కువగా ఉంటే ఇంకా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. మొదటిసారి నొప్పి వచ్చినవాళ్లకు బిళ్ల కాదు, 108 కావాలి.

ఇంకో మాట. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి గానీ వినండి. మగవాళ్లు మగతనం కోసమని షాపులో కొనే బిళ్లలున్నాయి. సిల్డెనాఫిల్ వేసుకుంటే 24 గంటలు, టాడలాఫిల్ వేసుకుంటే 48 గంటలు ఈ గుండె బిళ్ల ముట్టకూడదు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషి పోవచ్చు. ఇంటాయన గుండె బిళ్ల వాడుతుంటే ఈ విషయం ఆయనకు చెప్పండి. ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు ఏమేం వేసుకున్నాడో దాచకుండా డాక్టరుకు చెప్పండి. సిగ్గు కంటే మనిషి ముఖ్యం. మందు తాగి ఈ బిళ్ల వేసుకున్నా బీపీ బాగా పడిపోతుంది.

కొందరికి రోజూ మింగే బిళ్ల కూడా రాస్తారు. అది నొప్పి రాకుండా వేసుకునేది. నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టేది వేరు. రెండూ కలిపేయకండి. చదువురాని పెద్దమ్మలకు స్ట్రిప్పు మీద ఎర్ర దారం కట్టి గుర్తు పెట్టండి. రోజువారీ బిళ్ల చాలామందికి పొద్దున ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఒకటి అని రాస్తారు. గుర్తుండదని రెండోది రాత్రికి జరిపేయకండి. ఇరవై నాలుగు గంటలూ ఒంట్లో మందుంటే శరీరం దానికి అలవాటు పడి, మందు పని చేయడం మానేస్తుంది. అందుకే రాత్రి ఖాళీ ఉంచుతారు. పండక్కి పుట్టింటికి వెళ్లేటప్పుడు బిళ్లలు మర్చిపోవద్దు. ఉన్నట్టుండి మానేస్తే నొప్పి తిరగబెడుతుంది.

మొదటి రోజుల్లో తలనొప్పి వస్తుంది, మొహం వేడెక్కుతుంది. భయపడి మానేయకండి, డాక్టరుకు చెప్పండి, చాలామందికి మెల్లగా తగ్గుతుంది. మంచం మీద నుంచి దబుక్కున లేవద్దు.

బిళ్లలు పొయ్యి గట్టు మీద, ఎండ తగిలే కిటికీలో పెట్టకండి. స్ట్రిప్పులోనే ఉంచండి. సీసాలో వచ్చేవైతే ఆ గాజు సీసాలోనే మూత బిగించి ఉంచండి. గడువు తేదీ చూడండి. బీరువాలో తాళం వేసిన బిళ్ల పొలంలో వచ్చిన నొప్పికి పనికిరాదు. ఎక్కడికెళ్లినా వెంట ఉండాలి, ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి తెలియాలి.

ముందుకన్నా ఎక్కువసార్లు నొప్పి వస్తున్నా, తక్కువ పనికే వస్తున్నా, కూర్చున్నప్పుడు, నిద్రలో వస్తున్నా బిళ్లలతో సర్దుకోకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఆరోగ్య ఉపసంఘం తరఫున ఒక్క కోరిక. గుండె మందులు వాడే సభ్యురాలు ప్రతి ఒక్కరూ మందుల పేర్లు, ఒక ఫోన్ నంబరు చీటీ మీద రాసి పొదుపు పుస్తకంలో పెట్టుకోండి. సంఘం మీటింగుకు పుస్తకం ఎలాగూ తెస్తాం. ముప్పై దాటినవాళ్లందరూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు చూపించుకోండి. వారం వారం పొదుపు కట్టడానికి ఒక్కరోజు ఆలస్యం చేయని మనం, మన గుండె విషయంలో ఎందుకు వాయిదా వేయాలి?