దేహమునకు మారుతాళము



1883లో రంపపు మిల్లు వెలసిన ఈ చాతం ద్వీపమునకు ఇంటి సరకులనేకము ఓడలమీద, డబ్బాలలో, ప్లాస్టిక్ సంచులలో చేరును. సరకుతోపాటు దానినుంచిన పాత్రను గూర్చియు యోచింపవలసియున్నది.

ఈస్ట్రోజన్ అను హార్మోను, జీవకణమందలి గ్రాహకమను బీగమున తాళపుచెవివలె ఇమిడి, జన్యువులను మేల్కొల్పును. కొన్ని రసాయనములు మారుతాళములు. అవి ఆ బీగమును అకాలమున తెరచును.

దీని ఫలమును లోకము చూచినది. 1938లో తయారైన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అను మందును గర్భస్రావ నివారణకై పెక్కుమంది గర్భిణులకిచ్చిరి. అట్టి తల్లుల కుమార్తెలలో కొందరికి యౌవనముననే అరుదైన యోని క్యాన్సరు సోకుటను 1971లో బోస్టన్ వైద్యులు వెల్లడించిరి. తల్లి మ్రింగిన మందు బిడ్డను ఇంచుమించు 20 ఏండ్లకు తాకినది!

పాలికార్బొనేట్ సీసాలలోను, డబ్బాల లోపూతలలోను వాడు బిస్ఫినాల్-ఏ అంత బలమైనది కాదు. అది మనుష్యులకు చేయు కీడెంతయో ఇంకను చర్చలోనే యున్నది. అయినను 2015 నాటి భారతీయ ప్రమాణము పసిపిల్లల పాలసీసాలలో దానిని వలదన్నది. వేడి హెచ్చిన కొలది అది ఆహారమున హెచ్చుగా కలియును.

కావున పొగలు గ్రక్కు చారును స్టీలు గిన్నెలోను, పసివాని పాలను గాజు సీసాలోను పోయుట పిరికితనము కాదు, ముందుచూపు.