బడికి వచ్చే సొమ్ము – దాని పద్దులు
(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు మమ్మల్ని విద్య ఆవశ్యకతను గురించి మాట్లాడమన్నారు. ఆ ఆవశ్యకతను ఈ సభలో కాదనేవారు ఒక్కరు కూడా లేరు. కనుక వారి అనుమతితో విద్యకు వచ్చే డబ్బును గురించి, ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టవచ్చు, దేనికి పెట్టగూడదు అనే దానిని గురించి మాట్లాడదలచినాము. మేము ఉర్దూ మీడియం బడిపంతులం. లెక్కల పరీక్షలో తప్పినవాడే లెక్క గట్టిగా నేర్చుకుంటాడంటారు, మేమూ అట్లాంటి వాళ్లమే. ఆ తప్పిన కథ కూడా ఇక్కడ దాచకుండా చెబుతాము.

ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఉన్నది. మొన్న కార్యవర్గ సమావేశంలో ఒక పెద్దాయన తమ అల్లుడు అమెరికా నుండి ఫోనులో చెప్పిన సంగతి చెప్పినారు. అక్కడ చార్టర్ బళ్లని ఉన్నాయట. ప్రభుత్వమే పిల్లవాడికి ఇంతని సొమ్ము ఇస్తుందట, నడుపుకునేది మాత్రం మనలాంటి వాళ్లు వేసుకున్న కమిటీ అట. "అట్లాంటిది ఇక్కడ వస్తే మన సంఘమే బడి పెట్టుకోవచ్చు గదా, ఆ డబ్బుతో ముందు స్థలం కొని నాలుగు గదులు లేపుకుంటే సరిపోతుంది" అన్నారు వారు. అందరూ బాగుందన్నారు. మేము మాత్రం ఇంటికి పోయి ఆ బళ్ల నిబంధనలు చదివినాము.

చార్టర్ బళ్లకు మొట్టమొదట చట్టం చేసిన రాష్ట్రం మిన్నెసోటా, 1991లో. ఆ మరుసటి యేడే సెయింట్ పాల్ నగరంలో మొదటి బడి తెరిచినారు. పిల్లల దగ్గర ఫీజు తీసుకోగూడదు, మతబోధ చేయగూడదు. ఇవి మొదటి షరతులు. ఇక మన పెద్దాయన చెప్పిన స్థలం సంగతి. ఆ మిన్నెసోటా చట్టంలోనే రాసి ఉన్నది: రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన సొమ్ముతో చార్టర్ బడి నేల గానీ కట్టడం గానీ కొనగూడదు. బాడుగ కట్టుకోవడానికి వేరే సాయం ఉన్నది, అదీ బాడుగలో నూటికి తొంబై వంతులు మించకుండా, తలకింతని ఒక హద్దు పెట్టి ఇస్తారు. వాషింగ్టన్ నగరంలోనైతే బడి నడపడానికి పిల్లవాడికి ఇంత, కట్టడానికి పిల్లవాడికి ఇంత అని రెండు వేర్వేరు లెక్కలే. నడిపే సొమ్ము నడపడానికే. పంతుళ్ల జీతం, పుస్తకాలు, కరెంటు, బస్సు, ఇట్లాంటివి. ఎందుకంటే ఈనాటి పిల్లవాడి పేరు చెప్పి వచ్చిన డబ్బు రేపటి మిద్దెలోకి పోతే, ఆ పిల్లవాడు ఖాళీ చేతుల్తో బయటికి పోతాడు. మిద్దె మాత్రం కమిటీ పేరిట నిలిచి ఉంటుంది.

ఇది అమెరికా వాళ్లు కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. మన చిత్తూరు ఒకప్పుడు మద్రాసు రాజధానిలోనిది. 1854లో ఛార్లెస్ వుడ్ పంపిన తాఖీదులో ప్రైవేటు బళ్లకు సర్కారు సాయం చేయవలెనని, అయితే తనిఖీకి ఒప్పుకోవలెనని ఉన్నది. మరుసటి సంవత్సరమే మద్రాసులో గ్రాంటు నిబంధనలు వచ్చినవి. ఎయిడెడ్ బడి అనే మాట అక్కడిదే. మన ప్రాంతంలో ఎయిడ్ అంటే ముఖ్యంగా పంతుళ్ల జీతం. కట్టడం, స్థలం యాజమాన్యం భారం. మన తాతలు చందాలు వేసి ఎక్కడెక్కడ బళ్లు కట్టినారో అక్కడంతా ఈ పంపకమే నడిచింది.

రాజ్యాంగంలో 30వ అధికరణం మనకు బడి పెట్టుకునే హక్కు, నడుపుకునే హక్కు ఇచ్చింది. అల్పసంఖ్యాకుల యాజమాన్యంలో ఉన్నదనే కారణం చూపి సాయంలో తేడా చేయగూడదని కూడా దానిలోనే ఉన్నది. ఈ మాట మన సభల్లో తరచు వింటాము, చప్పట్లు కూడా పడతాయి. కానీ సాయం తీసుకున్న బడిలో మతం, కులం, భాష కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించగూడదని 29వ అధికరణం, మతబోధకు ఎవరినీ నిర్బంధించగూడదని 28వ అధికరణం చెబుతున్న సంగతి అంతగా వినపడదు. కేరళ విద్యా బిల్లు విషయమై 1958లోనే సుప్రీంకోర్టు తేల్చింది, నడిపే హక్కు అంటే అడ్డదిడ్డంగా నడిపే హక్కు కాదని. లెక్క అడగడం హక్కు మీద దాడి కాదు. ఎయిడ్‌నే తీసేస్తామంటే అది వేరే సంగతి. 2021 ఆగస్టులో మన రాష్ట్రంలో ఎయిడెడ్ సిబ్బందిని, ఆస్తులను ప్రభుత్వానికి అప్పగించే విధానం వచ్చినప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కినారు, నవంబరులో ఎయిడ్ కొనసాగించుకునే అవకాశం కూడా యాజమాన్యాలకు ఇవ్వవలసివచ్చింది. అప్పుడు అడిగినవాళ్లు న్యాయంగానే అడిగినారు.

ఫీజు వసూలు చేసుకునే ప్రైవేటు బడికైనా ఇష్టం వచ్చినట్లు ఖర్చు పెట్టుకొమ్మని రాసివ్వలేదు. 1994 జనవరి 1వ తేదీ జీవో నెంబరు 1లోని నిబంధనలు వసూలైన ఫీజును పంచి చూపినవి: నూటికి 50 పంతుళ్ల జీతాలకు, 15 వాళ్ల భవిష్య నిధి వంటి సౌకర్యాలకు, 15 నిర్వహణకు, 15 అభివృద్ధికి, యాజమాన్యానికి 5. ఎంతమంది పాటించినారన్నది మీకూ తెలుసు, మాకూ తెలుసు. మన సంఘం నర్సరీ బడి పెట్టాలని ఎప్పటినుండో అనుకుంటున్నది. అది పెట్టిననాడు ఈ లెక్క గోడకు అంటించాలని మా కోరిక. పంతులమ్మకు మూడువేలు చేతిలో పెట్టి ఆరువేలకు సంతకం తీసుకునే పని మనకు వద్దు.

ఇంత చెప్పినా, పద్దు అంటే ఏమిటబ్బా ఈ తలనొప్పి అనేవాళ్లుంటారు. నిజానికి మనకు తెలిసినంతగా ఇది ఇంకెవరికీ తెలియదు. రంజాన్‌లో మన ఇళ్లకు వచ్చే రశీదు పుస్తకాలు చూడండి. జకాత్‌కు ఒకటి, ఫిత్రాకు ఒకటి, అతియాకు ఒకటి. జకాత్ సొమ్ముతో మసీదు గోడ లేపగూడదని, ఇమాం సాబ్ జీతం ఇవ్వగూడదని మన పిల్లలకు కూడా తెలుసు. అది అర్హుడి చేతికి చేరవలసిందే. గోడ ఎంత అవసరమైనా, మనసు ఎంత మంచిదైనా, ఆ పెట్టె ఈ పెట్టెలో కలపము. వక్ఫ్ చేసినవాడు బావికని ఇస్తే బావికే. మరి సర్కారు గ్రాంటు కాడికి వచ్చేసరికి మాత్రం "అంతా పిల్లల కోసమే గదా" అనేస్తాము. మేమూ అన్నాము.

ఇప్పుడు మా కథ. ఈ జిల్లాలోనే ఒక హైస్కూలు, పేరు అవసరం లేదు. ఉర్దూ సెక్షన్‌కు ఇచ్చినది వెనుక వైపు గది. 2009లో మొదలైన మాధ్యమిక శిక్షా అభియాన్ కింద హైస్కూలుకు ఏటా యాభై వేలు వచ్చేది. దానిలో పద్దులు కట్టుదిట్టం: ప్రయోగశాల సామాగ్రికి 25 వేలు, పుస్తకాలకు పత్రికలకు 10 వేలు, నీళ్లు కరెంటు వగైరాకు 15 వేలు. మరమ్మతుల సొమ్ము వేరేగా రావాలి, ఆ యేడు రాలేదు. అక్టోబరు వానలకు మా గది మిద్దె ఉరుస్తా ఉండె. పిల్లలు బెంచీలు ఒక మూలకు లాక్కొని కూర్చునేవాళ్లు, నల్లబల్ల మీద రాసింది కారిపోయేది. యాభై వేలు మాత్రం మార్చి మూడో వారంలో వచ్చింది, 31 లోపల ఖర్చు చూపమన్నారు. ఉర్దూ పుస్తకాలు తిరుపతి అంగళ్లలో దొరకవు, వానియంబాడికో హైదరాబాదుకో పోవాలి. పది రోజుల్లో ఎవరు పోతారు? హెడ్మాస్టరుగారు మంచివారు. "సార్, పుస్తకాలు వచ్చే యేడు కొందాం, ముందు మిద్దె చూద్దాం" అని మేమే ఆయన్ని ఒప్పించినాము. పుస్తకాల పద్దులోని ఎనిమిదివేల ఆరువందలు సిమెంటుకు, కూలికి పోయినాయి. తీర్మానం రాసినాము, రశీదులు పెట్టినాము. ఒక్క పైసా ఎవరి జేబులోకీ పోలేదు.

ఆడిటరుగారు వచ్చినారు. రశీదులన్నీ చూసి, సొమ్ము తిన్నారని ఆయన కూడా అనలేదు. పద్దు మారింది, అనుమతి లేదు, తిరిగి కట్టండి అని రాసిపోయినారు. హెడ్మాస్టరుగారికి రిటైర్మెంటు ఏడు నెలలుంది. అభ్యంతరం తీరకపోతే పింఛను కాగితాలు కదలవు. మేము నలుగురు పంతుళ్లం తలా కొంత వేసుకున్నాము, మిగతాది ఆయనే చలానా కట్టినారు. మమ్మల్ని ఒక్కమాట అనలేదు. అనుంటే బాగుండేది.

మాకు ఆ చలానా కంటే బాధ పెట్టిన సంగతి ఒకటుంది. తొమ్మిదో తరగతిలో ఒక ఆడపిల్ల ఉర్దూ-ఇంగ్లీషు నిఘంటువు కావాలని దసరా సెలవులకు ముందునుండి అడుగుతా ఉండేది. గ్రాంటు వస్తే కొంటామని మాట ఇచ్చినాము. ఆ యేడు మిద్దె అయింది. మరుసటి యేడు చలానా భయంతో ఎవరూ ఏమీ కొనలేదు. ఆ పిల్ల పది పాసై వెళ్లిపోయింది. పుస్తకాల పద్దుకు అడ్డంగా గీసిన ఆ గీత ఆడిటరుగారి కోసం గీసినదని అంతవరకూ అనుకున్నాము. అది ఆ పిల్ల కోసం గీసినది.

అలాగని నిబంధన చేసినవాళ్లంతా మహా తెలివిగలవాళ్లని మేము అనడం లేదు. వాన అక్టోబరులో, సొమ్ము మార్చిలో అయితే ఏ హెడ్మాస్టరు ఏం చేయగలడు? 2018లో ఆ పథకాలన్నీ కలిపి సమగ్ర శిక్ష చేసినప్పుడు ఈ చిన్నచిన్న పద్దులు పోయి ఒకే పాఠశాల గ్రాంటు వచ్చింది. చెడిపోయిన సామాను మార్చుకోవడం, సుద్దముక్కలు, ఆటవస్తువులు, కరెంటు బిల్లు, నీళ్లు, గదుల, మరుగుదొడ్ల మరమ్మతు అన్నీ దానిలోనే. కనీసం పదోవంతు పరిశుభ్రతకు పెట్టాలి. అంటే మేము ఆనాడు చేసిన మిద్దె పని ఈనాడైతే ఒప్పు! గ్రంథాలయానికి వేరే గ్రాంటు పెట్టినారు, ప్రాథమిక బడికి ఐదు వేలు, పై బళ్లకు ఇంకా ఎక్కువ. అది మాత్రం పుస్తకాలకే.

ఈ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది. ముప్పై మంది వరకు 10 వేలు, వంద వరకు 25 వేలు, 250 వరకు 50 వేలు, వెయ్యి వరకు 75 వేలు, ఆ పైన లక్ష. మన ఉర్దూ ప్రాథమిక బళ్లు ఎక్కువగా ఆ మొదటి మెట్టు మీదే ఉన్నాయి. పదివేలలో వెయ్యి చీపుర్లకు, ఫినాయిలుకు పోగా మిగిలిన తొమ్మిదివేలతో పన్నెండు నెలలు నడపాలి. అదే ముప్పై ఒకటో పిల్లవాడు చేరితే లెక్క ప్రకారం 25 వేల మెట్టు ఎక్కుతుంది. మీ వీధిలో బడి ఈడు పిల్ల ఇంట్లో ఉంటే, ఆ పిల్ల రాకపోవడం వల్ల మిగతా ముప్పై మందికీ నష్టమని చెప్పండి. 2021 జూలై నుండి లెక్క పద్ధతి కూడా మారింది. బడి ఖాతాలో సొమ్ము నిలవ ఉండదు, ఇంతవరకు వాడుకోవచ్చునని హద్దు మాత్రం చూపుతారు. వచ్చే యేడు చూద్దాంలే అనుకుంటే ఆ సొమ్ము మనకోసం కూర్చోదు.

ఇక అక్కచెల్లెళ్లకు ఒక మాట. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులుండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి. బడికి వచ్చిన గ్రాంటు ఎట్లా ఖర్చయిందో చూడడం ఆ కమిటీ పని అని చట్టంలోనే ఉన్నది. ఎయిడెడ్ బళ్లలో, మైనారిటీ బళ్లలో అది సలహా ఇచ్చే కమిటీ మాత్రమే, ప్రభుత్వ బడిలో అట్లా కాదు. కానీ జరిగేదేమి? పోయిన సంవత్సరం మేమే తీర్మానాల పుస్తకం తీసుకొని ఒక కమిటీ సభ్యురాలి ఇంటికి పోయినాము. ఆమె ఉర్దూ చక్కగా చదువుతుంది, తెలుగు రాదు. పుస్తకమంతా తెలుగు. పెన్ను చేతికి తీసుకొని, "సార్, ఇందులో ఏం రాసుంది?" అని అడిగింది. మాకు తొందరగా ఉండి, "ఏం లేదు ఆపా, మామూలే, ఇక్కడ పెట్టండి" అన్నాము. పెట్టింది. వీధి మలుపు తిరిగేదాకా ఏమీ అనిపించలేదు. తర్వాత ఆ ఎనిమిదివేల ఆరువందల తీర్మానం గుర్తుకొచ్చింది. అప్పుడు కూడా సంతకాలు ఇట్లాగే తెచ్చింది మేమే.

వెనక్కి పోయి మొత్తం చదివి వినిపించినాము. విని ఆమె అడిగింది రెండే ప్రశ్నలు. నీళ్ల ట్యాంకు మూత బాగుచేయించినట్టు రాసినారే, మా పాప ఇంకా మూత లేదంటుందే అని ఒకటి. మా దగ్గర జవాబు లేదు, పోయి చూస్తే మూత తెచ్చి స్టోరు గదిలోనే పెట్టి ఉన్నది, బిగించలేదు. ఆ సాయంత్రమే బిగించినారు. రెండోది, పుస్తకాల డబ్బుతో ఏం పుస్తకాలు కొన్నారని.

ఆ జాబితా ఇప్పుడు మేము ఉర్దూలో రాసి ఆమెకిచ్చినాము. వచ్చే కమిటీ సమావేశానికి లెక్కంతా రెండు భాషల్లోనూ రాసి బడి గోడకు పెడతామని మాట కూడా ఇచ్చినాము. మీ మీ ఊళ్ల బళ్లలో కమిటీ సభ్యులుగా ఉన్నవాళ్లు సభ అయినాక మమ్మల్ని కలిస్తే, తెలుగు కాగితాలు ఉర్దూలో రాసివ్వడానికి ఆదివారాలు మేము సిద్ధంగా ఉన్నాము. అవతల భోజనాలకు పిలుస్తున్నారు. సెలవు.