పూసనెయ్యి – చెనిక్కాయ స్ఫటికం



కాచిన నెయ్యిని కదపకుండా మూలన పెడితే తెల్లారేసరికి పూసకడుతుంది. తొందరపడి చన్నీళ్లలో పెట్టామా, ముద్దే! చాపాడులో మా మేనత్త పూసనెయ్యి ఎంత బాగా కాస్తుందో! పాపం, తను మాత్రం తినదు. చక్కెర జబ్బు, రోజూ ఇన్సులిన్ సూది.

ఆ ఇన్సులిన్ కూడా ఒక మాంసకృత్తే. దాని అణువు కంటికి ఆనదు. కోట్లకొద్దీ అణువులు వరుసగా పేర్చుకుని స్ఫటికమైతే, ఎక్స్‌రే కిరణాలు దానిమీద పడి చుక్కల ముగ్గులాగా చెదురుతాయి. ఆ చుక్కలనుంచి లెక్కగట్టి అణువు రూపం తెలుసుకుంటారు.

స్ఫటికం రావడమే గగనం. మాంసకృత్తి ద్రావణం, ఉప్పునీరు కలిపిన చిన్న బొట్టును గాజుబిళ్లకు తలకిందులుగా వేలాడదీస్తారు. కింద గుంటలో మరింత చిక్కటి ఉప్పునీరు. గాలి చొరకుండా అంచులకు గ్రీజు రాస్తారు. బొట్టులో నీరు మెల్లమెల్లగా ఆవిరై కిందికి చేరుతుంది. రోజులు, వారాలు పడుతుంది. తొందరపెడితే మడ్డి. అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి ఏమీ రాదు!

వచ్చాక ఇంకో గండం. ఇందులో సుమారు సగం నీరే. పటికబెల్లంలా ఆరనిస్తే వరుసలు చెదిరిపోతాయి. 1934లో కేంబ్రిడ్జిలో బెర్నల్, డొరొతీ హాడ్జ్‌కిన్‌లు పెప్సిన్ స్ఫటికాన్ని అది పెరిగిన ద్రవంలోనే తడిగా ఉంచాకగాని చుక్కలు సరిగా పడలేదు. ఆవిడ ఇన్సులిన్‌కు 1935లో మొదటి బొమ్మ తీస్తే, రూపం తేలింది 1969లో. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా ఆ పని వదల్లేదు చూడండి!

ఇప్పుడైతే స్ఫటికాన్ని సన్నని నైలాన్ ఉచ్చుతో ఎత్తి, గ్లిసరిన్‌వంటి దానిలో తడిపి, సున్నాకు 196 డిగ్రీలు దిగువనుండే ద్రవ నత్రజనిలో గభాలున ముంచుతారు. ఇక్కడ మాత్రం నిదానం పనికిరాదు. మెల్లగా చల్లబడితే మంచు పలుకులు పుట్టి స్ఫటికం పాడవుతుంది.

హాడ్జ్‌కిన్ దగ్గర ఇన్సులిన్ మీద పనిచేసిన విజయన్‌గారు తర్వాత బెంగుళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో, మన కడప మెట్టపొలాల్లోనూ పండే చెనిక్కాయలను పట్టుకున్నారు. వాటిలో లెక్టిన్ అనే మాంసకృత్తి కొన్ని చక్కెరలను గుర్తుపట్టి అంటుకుంటుంది. కొన్ని కాన్సరు కణాలపైన బయటపడే చక్కెర కూడా వాటిలో ఒకటి. అందుకే దానికంత గిరాకీ. ఆయన బృందం 1994లో దాని రూపం ప్రకటించింది. నాలుగు భాగాలు, అవి కూర్చున్న తీరు అంతకుముందు ఎరగనిది.

ఈ సంగతి చెబితే మా మేనత్త ఒలుస్తున్న చెనిక్కాయను వెలుతురుకు పట్టి, "ఇందులోనా?" అంది.