పూడికతీత యంత్రము - చైను వరుస, బిగువు
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వేసవి వచ్చినదనిన పంచాయతీ ముందుకు వచ్చు పనులలో ఊరబావి పూడికతీత యొకటి. పూర్వము మోకు, గిలక, పదిమంది మనుషులు ఉన్న చాలెడిది. ఇప్పుడు పెక్కు చోట్ల పాత డీజిలు ఇంజనును ఇనుప చట్రముపై బిగించి, చైను ద్వారా డ్రమ్మును త్రిప్పి, ఇనుపతాడుతో బకెట్టును పైకి లాగుచున్నారు. ఇట్టి యంత్రములలో పెక్కు, కర్మాగారములనుండి వచ్చినవి కావు. దొరికిన సామానుతో మన వెల్డింగు పనివారు కూర్చినవి. వారి నేర్పును నేను తక్కువ చేయను. ఐనను ఆ బకెట్టు క్రింద మనిషి నిలిచియుండును. పెద్ద మోటబావిలోనైన ప్రక్కకు తొలగుటకు చోటు కలదు. ఇరుకైన చేదబావిలో అదియును లేదు. చైను తెగినను, పండ్లమీదినుండి జారినను ఆ మనిషి ప్రాణమునకే ముప్పు. పని అప్పగించినది పంచాయతీ గనుక ఈ సంగతి మనము తెలిసికొనవలసియున్నది.

చైను జారుచున్నదనగానే పనివారు చేయునదేమి? ఇంకొంచెము బిగింతురు. మరల జారును, మరల బిగింతురు. మూడవసారికి బేరింగు వేడెక్కి అరచును. నేడు నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే: చైను జారుటకు వదులు ఒక్కటే కారణము కాదు. పెక్కు సందర్భములలో రెండు స్ప్రాకెట్లును ఒక వరుసలో లేకపోవుటయే కారణము. అట్టిచోట ఎంత బిగించినను ప్రయోజనము లేదు సరికదా, కీడు పెరుగును.

స్విట్జర్లండున జన్మించిన హాన్స్ రెనాల్డు అను ఇంజనీరు 1880లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ఈ రోలరు చైనును కనిపెట్టెను. సైకిలు చైను ఎరుగనివారు మనలో లేరు. ఇదియు ఆ జాతిదే. దానిని చేత పట్టుకొని చూడుడు: మీదికి క్రిందికి సులువుగా వంగును, ప్రక్కకు మాత్రము వంగదు. స్ప్రాకెట్లు వంకరగా నున్నచో దానిని ప్రక్కకు వంచుటకు బలవంతము చేయుచున్నామన్న మాట. అప్పుడు లింకుల లోపలి రేకులు పండ్ల ప్రక్కలను ఒరసికొనును. రేకులు ఒకవైపున తళతళ మెరయుచున్నచో వేరు సాక్ష్యము అక్కరలేదు.

దీనిని పరీక్షించుటకు పట్టా పుచ్చుకొననక్కరలేదు. గట్టి దారము, కొలత టేపు, తాపీమేస్త్రీ వాడు రసమట్టము చాలును. ముందుగా ఇంజను ఆపి, బకెట్టు నేలమీద దింపి, బావిలోని మనుషులను పైకి రప్పించవలెను. ఇంజను నడుచుచుండగా చైనువద్దకు చేయి పోనీయరాదు. పిమ్మట రెండు షాఫ్టుల నడిమి దూరమును ఈ కొసను, ఆ కొసను కొలిచి చూడవలెను. రెండు కొలతలును సమానముగా నుండవలెను. రసమట్టము రెంటిమీదను ఒకే విధముగా నిలువవలెను. అటుపిమ్మట పెద్ద స్ప్రాకెట్టు ముఖమునకు దారము ఆనించి చిన్నదానివరకు బిగువుగా లాగవలెను. దారము పెద్దదాని రెండు అంచులను, చిన్నదాని రెండు అంచులను, మొత్తము నాలుగు చోట్ల తాకినచో వరుస కుదిరినదని తెలియవలెను. చిన్నదాని రెండు అంచులకును దారమునకును సమానముగా సందున్నచో స్ప్రాకెట్టును షాఫ్టుమీద జరిపి, మరను గట్టిగా బిగించిన చాలును. ఒక అంచు తాకి రెండవది తాకనిచో షాఫ్టే వాలియున్నది. స్ప్రాకెట్టును జరిపి లాభము లేదు, ఇంజను కూర్చున్న తీరును సరిచేయవలెను.

ఇంట చేసిన యంత్రములలో మరియొక చిక్కు కలదు. ఖాళీగా నున్నపుడు నిక్కముగా నున్న వరుస, బరువు పడగానే తప్పును. చైను ఇంజనును డ్రమ్మువైపునకు లాగును. చట్రము పలుచనిదైనచో మెలితిరుగును. మట్టి నింపిన బకెట్టును ఎత్తించుచు, బావిలో ఎవరును లేనపుడు, దూరముగా నిలిచి చట్రమును గమనించిన ఈ మెలిక కంటికే కనబడును. దీనికి మందు చైనులో లేదు, చట్రములో నున్నది: మూలమూలకు అడ్డకమ్ములు వెల్డింగు చేయించుట, స్ప్రాకెట్టు షాఫ్టునకు ఇరువైపుల బేరింగు పెట్టించుట, ఇంజను పునాది బోల్టులకు పొడవుపాటి రంధ్రములు చేసి, వెనుకనుండి నెట్టు సర్దుబాటు మరలు అమర్చుట. మోటారు సైకిలు వెనుక చక్రమునకు ఇరువైపుల నుండు మరలవంటివే ఇవి. రెండింటిని సమానముగా త్రిప్పవలెను. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ త్రిప్పి వరుస చెడగొట్టు తొందరపాటును నేను పలుచోట్ల చూచితిని.

వరుస కుదిరిన తరువాతనే బిగువు మాట. చైనులో ఒక వైపు బరువు లాగును, రెండవ వైపు వదులుగా తిరిగివచ్చును. ఆ వదులు వైపున నడిమి భాగమును వ్రేలితో మీదికి, క్రిందికి కదిపి చూడవలెను. రెండు స్ప్రాకెట్ల నడుమ చైను సాగియున్న నిడివి 100 సెంటీమీటర్లైనచో, మొత్తము కదలిక సుమారు 4 సెంటీమీటర్లుండుట సాధారణ నియమము. బకెట్టు పనిలో కుదుపు లెక్కువ గనుక 2 సెంటీమీటర్లకు దగ్గరగా ఉంచుట మేలు. ఒక్కచోట చూచి ఊరకుండరాదు. స్ప్రాకెట్టును చేతితో కొద్దికొద్దిగా త్రిప్పుచు, చైను అన్నిటికంటె బిగిసిన చోట ఈ కొలత సరిచూడవలెను. వీణతీగవలె బిగించినచో బేరింగులును, చైను పిన్నులును త్వరగా అరిగిపోవును. ఇంజనును జరుపుటకు వీలులేనిచోట బిగింపు స్ప్రాకెట్టు నొకదానిని పెట్టుదురు. అది వదులు వైపుననే ఉండవలెను, దాని పండ్లలో కనీసము మూడు చైనులో దిగియుండవలెను.

చైను సాగినదని మనము చెప్పుకొందుము. నిజమునకు ఇనుము సాగదు. పిన్నులు, వాటి తొడుగులు అరిగి ఒక్కొక్క లింకువద్ద వెంట్రుకవాసి సందు ఏర్పడును. ఆ సందులన్నియు కలిసి నిడివి పెరుగును. పిన్నుకు పిన్నుకు 5/8 అంగుళము దూరము గల చైనులో 20 లింకుల నిడివి, క్రొత్తగా నున్నపుడు 317.5 మిల్లీమీటర్లు. బిగువుగా పట్టి కొలిచినపుడు 327 వచ్చినచో 3 శాతము పెరిగినట్లే; ఇక దానిని మార్చవలసినదే. ఇది దాటిన చైను పండ్లమీదికి ఎక్కి జారును. పండ్లు కొడవలి మొనలవలె వంగియున్నచో స్ప్రాకెట్లను కూడ మార్చవలెను. లేనిచో అవి క్రొత్త చైనును కొద్దికాలములోనే తినివేయును. అతుకు లింకునకు పెట్టు క్లిప్పు విషయమున ఒక చిన్నమాట: దాని మూసిన కొస చైను నడచు దిక్కునకు ఉండవలెను. తారుమారైనచో దేనికైన తగిలి ఊడిపోవును. నూనె సంగతి అందరును ఎరిగినదే. దట్టమైన గ్రీజు పైన పూసిన లోనికి దిగదు. పలుచని శుభ్రమైన నూనెను రేకుల సందులలో వేయవలెను. ఇంజనునుండి తీసిన నల్లనూనె వాడరాదు, అందులో మసి, ఇనుపరజను ఉండును.

ఇంతచేసినను చైను ఎప్పుడైన తెగవచ్చును. అందుచేత బ్రేకు ఎక్కడ నున్నదో చూడవలెను. బ్రేకు ఇంజను షాఫ్టుమీద నున్నచో, చైను తెగిన క్షణముననే బకెట్టు నిరాధారముగా పడును. డ్రమ్ముమీదనే బ్రేకు ఉన్నచో చైనుతో నిమిత్తము లేకుండ బరువును నిలుపవచ్చును. దానితోడు, డ్రమ్ము వెనుకకు తిరుగకుండ అడ్డుపడు పంటిచక్రము, నాలుకయు నుండుట మరింత క్షేమము. చైనుకు రేకుతొడుగు లేనిచో పంచె చెంగో, చీర చెరగో చిక్కుకొనును.

పని అప్పగించునపుడు ఒప్పందపు కాగితములో ఈ షరతులు వ్రాయించుడు: డ్రమ్ముమీద బ్రేకు, చైనుపై తొడుగు, ప్రతి ఉదయము దారముతో పరీక్ష, బకెట్టులో మనిషిని దింపకుండుట, బకెట్టు పైకి పోవునపుడు క్రింద ఎవరును నిలువకుండుట. చేదబావియైనచో ప్రతి బకెట్టుకు మనుషులు నిచ్చెనపై పైకి వచ్చిన తరువాతనే లాగవలెనని విడిగా వ్రాయవలెను. పని నిదానించునని గుత్తదారు చెప్పును. నిజమే, రెండురోజులు ఎక్కువ పట్టును. ఆ రెండురోజుల కూలిని అంచనాలోనే చేర్చుకొనుడు.