ముక్కలైన గొంతులను అతుకుదాము
(ఖల్లికోట ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు ఖల్లికోట, బరంపురం అందులో చేరినవి. మన పిల్లలలో పలువురు ఇంట తెలుగు మాట్లాడుదురు. బడిలో ఒడియా చదువుదురు. తెలుగు అక్షరము కూడబలుక్కొనువారే ఎక్కువ. అట్టివారికి నాయనమ్మ పాటను కాగితముమీద వ్రాసి యిచ్చిన ఏమి లాభము? అది చెవికి అందవలెను.

చెవికి అందించు సాధనము నేడు ప్రతి యింటా ఉన్నది. పెద్దల పాటలు, కథలు మనము సెల్‌ఫోనులో పట్టుచునే యున్నాము. చిక్కు మరియొకచోట నున్నది. నడుమ ఎవరో పిలుతురు, ఫోను మ్రోగును, రికార్డు ఆగును. ఒక్క కథ ఎనిమిది ముక్కలగును. కొన్ని కొడుకు ఫోనులో, కొన్ని కూతురి వాట్సాప్‌లో మిగులును. ముక్కలను వరుసగా వెదకి వినువారెవరు? ఫోను పాడైననాడు కథయు పోవును. కావున ముక్కలను అతుకుట చిన్నపని కాదని మా మనవి.

పది ముక్కలకు ఆడాసిటీ అను ఉచిత ప్రోగ్రాము చాలును. వందల ముక్కలున్నచో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనునది మేలు. ఫైళ్ల పేర్లు వరుసగా ఒక జాబితాలో వ్రాసి ఒక్క ఆజ్ఞ యిచ్చిన చాలును, కట్ట మొత్తము అదియే అతుకును. ఇట్టి జాబితాలు అనేకము సిద్ధపరచి, ఒక్క రాత్రిలో ఊరి కథలన్నియు అతికించవచ్చును.

అయితే కొన్ని జాగ్రత్తలు కలవు. మూలములను ముట్టరాదు, నకళ్లమీదనే పనిచేయవలెను. పేర్లకు 1, 2 అని కాక 01, 02 అని అంకెలు వేయవలెను. లేనిచో కొన్ని ప్రోగ్రాములు 1 తరువాత 10ని తెచ్చి కథను తారుమారు చేయును.

బరంపురం పట్టు మగ్గము మనమెరుగనిది కాదు. పాత పడుగుకు కొత్త పడుగు అతుకునప్పుడు పోగుల లెక్క కుదరవలెను గదా! ధ్వనికిని అంతే. ఒక ముక్క సెకనుకు 44,100 నమూనాలతో, మరియొకటి 48,000తో ఉన్నచో, ముందు అన్నింటిని ఒక్క లెక్కకు తేవలెను. అట్లే అతికినచో గొంతు సాగవచ్చును, కీచుమనవచ్చును.

దాచుటకు వేవ్ ఫైలు మంచిది. సీడీ నాణ్యతతో గంటకు సుమారు 635 మెగాబైట్లగును. బంధువులకు పంపుటకు ఎంపీత్రీ చాలును. పాత సీ-60 క్యాసెట్టున్నచో, రెండు ప్రక్కల అరగంటలను కలిపి ఒక్క గంటగా చేయవచ్చును. కాని అందరి గొంతులను ఒకే ఫైలులో కుక్కరాదు. ఒక మనిషి, ఒక కథ, ఒక కట్ట. మొదట ఎవరి గొంతో, ఏ ఊరో, ఏ సంవత్సరమో చెప్పి చేర్చవలెను. పెద్దల అనుమతియు అడుగవలెను.

నడుమ వచ్చిన ఒడియా మాటను, దగ్గును, నవ్వును కోయకుడు. అది మన గంజాం తెలుగు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తిగారు జనుల నోటిమాటకై పోరాడినారు. సవరల మాట విని నేర్చి 1931లో ఆ భాషపై గ్రంథము ప్రకటించినారు. ఆయన నడచిన జిల్లావారము మనము. మన యింటి మాటకు మనమే చెవి యొగ్గకున్న ఇంకెవరు యొగ్గుదురు?

మరుసటి ఉగాదికి ఇంటికొక కట్ట సిద్ధము కావలెనని కోరుచు, సెలవు.